బాడుగ లేకుండా పంపిన బీరువా

మునిప్రసాద్ తెచ్చిన చీటీని ఢిల్లీబాబు గల్లా బల్ల మీద పెట్టుకుని రెండుసార్లు చదివాడు. బాడుగ సామాన్ల అంగడి పెట్టి ఇరవై రెండేళ్లయింది. చీటీ చూస్తే చాలు, ఆ ఇంట్లో జరగబోయేది ఏమిటో అడగకుండానే చెప్పేస్తాడు. సింహాసనం కుర్చీలు రెండు రాసుంటే పెళ్లి. ఒకటే రాసుంటే ఆడపిల్ల పెద్దమనిషైంది. అసలు లేకుండా వంటగిన్నెలూ నీళ్ల డ్రమ్ములే ఉంటే పెద్దకర్మ. ఈ చీటీ మాత్రం ఏ లెక్కలోకీ ఒదగలేదు.

మడత కుర్చీలు నలభై, మడిచే ఉండాలి. వేదిక బల్లలు ఆరు. పాత షామియానా గుడ్డలు, మూటలు కట్టినవి. ఇనుప బీరువా ఒకటి, పాతది, తలుపు సరిగ్గా పడనిదైతే మంచిది.

“ఏమప్పా మునిప్రసాదూ, కూసునేవాళ్లు లేకుండా కుర్చీలెందుకు? మడిచి పెట్టుకోని పూజ జేస్తారా?”

“పూజే అనుకోన్నా. టీవీ వాళ్ల పూజ.” మునిప్రసాద్ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తిరుపతికి షూటింగు ఏదొచ్చినా గదులూ కార్లూ భోజనాలూ సామాన్లూ కుదిర్చిపెట్టేది అతనే. “ఆదివారం మద్యాన్నం వస్తాదే, ‘కేసు ముగిసింది’ అని, ఆ సీరియలోళ్లు వచ్చినారు. చంద్రగిరి దోవలో మూతపడిన ఇస్కూలు బిల్డింగు మాట్లాడిచ్చినా. దాంట్లో ఒక స్టోరు గది సెట్టు ఎయ్యాల. కాలేజీలో ఫంక్షన్ సామాన్లు పారేసే గది ఉంటాది సూడు, అట్లాంటిది.”

ఢిల్లీబాబు చీటీ మీద నుంచి తలెత్తలేదు. “ఏం కథంట?”

“పేపర్లో రాలేదా అన్నా, పోయినేడు. ఏర్పేడు తట్టు ఇంజనీరింగు కాలేజీలో. ఆడపిల్లని సీనియర్ ఒకడు కల్చరల్ సామాన్లు పెట్టే గదిలోకి పిలిపిచ్చి... అదే. పేర్లు మార్చేసి హైదరాబాదులో జరిగినట్టు సూపిస్తారంట. మన లోకల్ సరుకు గదా, ఈడే తీస్తే సరిపోతాదని వచ్చేసినారు.”

గల్లా బల్ల మీద తడిసిన టీ గ్లాసు ముద్ర ఉంది. ఢిల్లీబాబు దాన్ని బొటనవేలితో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. ఇవ్వనంటే మునిప్రసాద్ ఇంకో అంగడికి పోతాడు, ఆ సెట్టు ఎటూ తయారవుతుంది. పైగా ఎన్నడూ బేరం పోగొట్టుకోని మనిషి ఎందుకు వద్దన్నాడని వీడు నలుగురి దగ్గరా అంటాడు. ఇస్తే మాత్రం వెనకాలే పోయి, వాళ్లు ఏం తీస్తున్నారో కళ్లారా చూడొచ్చు. బేరమాడే మనిషి బుర్ర కదా, ఆ రెండు నిమిషాల్లోనే తూకం వేసుకుంది.

“శుక్రవారం పొద్దునకి బండి నేనే తోలుకోని వస్తా,” అన్నాడు.

“రసీదు లోహిత సప్లయర్స్ అనే గదా?”

“అంతే.”

అంగడికి బిడ్డ పేరు పెట్టుకోవడం ఈ వ్యాపారంలో అందరూ చేసేదే. లోహిత పుట్టిన ఏడాది రాయించిన బోర్డు అది. ఆ కేసులోని అమ్మాయి పేరు ఏ పేపరూ రాయలేదు. చుట్టాలకు తెలియదు, ఈ వీధికి తెలియదు. చెయ్యి ఎందుకు విరిగిందంటే మెట్ల మీద పడిందని చెప్పారు. కాలేజీ ఎందుకు మానిందంటే ఆరోగ్యం బాగాలేదన్నారు.

వెనక గోడౌన్‌లో లోహిత ఇనుప మంచాలకు రంగు వేస్తోంది. ఇరవై ఏళ్ల పిల్ల. ఏడాదిగా అదే పని. కుడి మణికట్టు పూర్తిగా తిరగదు కాబట్టి బ్రష్షు ఎడమ చేత్తో పట్టుకోవడం నేర్చుకుంది. తండ్రి బీరువాల వరుస దగ్గర నిలబడి ఒకదాని తలుపు తెరిచి మూసి చూస్తుంటే తల తిప్పింది.

“యాడికి నాయనా అది?”

“ఏదో కాలేజీ ఫంక్షనంట.”

ఆమె మళ్లీ మంచం కోడు వైపు తిరిగింది.

గురువారం పొద్దున్నే తండ్రీకూతుళ్లిద్దరూ ప్రసన్నకుమారి ఆఫీసుకు వెళ్లారు. ఆమె పబ్లిక్ ప్రాసిక్యూటరు, యాభై దాటిన మనిషి. ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగి వినే ఓపిక ఉన్నది, కానీ విన్నాక మెత్తగా మాట్లాడేది కాదు. మంగళవారం లోహిత బోనెక్కి సాక్ష్యం చెప్పాలి. అందుకు ఇది ఆఖరి కూర్చోవడం.

“మేజిస్ట్రేటు ముందు చేతి సంగతి ఎందుకు చెప్పలేదు లోహితా? అవతలి లాయరు మొదట అడిగేది ఇదే.”

“అడగలేదు మేడం.”

“అడక్కపోతే చెప్పకూడదా?”

లోహిత కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుంది. “అప్పటికే మెట్ల మీద పడినానని అందరికీ చెప్పేసి ఉండారు. ఏది చెప్తే ఏది అబద్ధం అవుతాదో నాకు తెలీలేదు.”

ప్రసన్నకుమారి ఢిల్లీబాబు వైపు తిరిగింది. “ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోయి ఉంటే ఎక్స్‌రే ఉండేది. డాక్టరు రాసిన కాగితం ఉండేది.”

“ఎముక ఇరిగితే పుత్తూరికి గాక యాడికి పోతాం మేడం? మా నాయనకు ఆడనే కట్టినారు, నాకు ఆడనే కట్టినారు. సెయ్యి నిలబడింది గదా.”

“చెయ్యి నిలబడింది. కేసు నిలబడాలి గదా. కట్టు కట్టినాయనకు ఏమని చెప్పారు? మెట్లని. రేపు అవతలివాళ్లు పిలిస్తే ఆయనొచ్చి అదే చెప్తాడు. ఆయన అబద్ధమాడడు. ఆడింది మీరు.”

ఢిల్లీబాబుకు అది తెలుసు. మూడు వారాలకు గానీ వాళ్లు పోలీసుల దగ్గరికి పోలేదు. ఆ మూడు వారాలూ ఇంట్లో చెయ్యి గురించి మాట్లాడుకున్నారు గానీ, చెయ్యి విరిచినవాడి గురించి మాట్లాడుకోలేదు.

“సరే. ఇప్పుడు మన దగ్గర ఉన్నది ఈ పిల్ల నోటి మాట,” అంది ప్రసన్నకుమారి. “పోలీసులు తీసిన ఫొటోలో గదిలో బీరువా ఉంది. కానీ ఆ బీరువాకూ ఈ చేతికీ ఉన్న సంబంధం అవతలి లాయరుకు తెలీదు. లోహిత దాన్ని మొదటిసారి బోనులో చెప్పాలి, తన మాటల్లో చెప్పాలి. అప్పటికప్పుడు గుర్తు తెచ్చుకుని చెప్పే మనిషిని చూస్తే జడ్జిలకు తెలుస్తుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, తెలుస్తుంది. అందుకే అడుగుతున్నా, ఇది ఇంకెవరికి తెలుసు?”

“నాయనకు. మీకు,” అంది లోహిత.

“అమ్మకు?”

“అమ్మకు తెల్దు. తోసేస్తే పడినానని అనుకుంటా ఉండాది.”

“మంచిది. మంగళవారం దాకా ఇంకో చెవిన పడకూడదు.”

ఢిల్లీబాబు తలాడించాడు. లోహిత అతనికి ఆ మాట చెప్పింది నాలుగు నెలల కిందట. వ్యాను మీద నుంచి బీరువా దించుతూ, “తలుపు తెరుసుకుంటాది, రవంత అడ్డం పట్టుకో పాపా” అన్నాడు. ఆ పిల్ల పట్టుకోలేదు. అలాగే నిలబడి, సరుకు గురించి చెప్పినంత మామూలుగా అంతా చెప్పేసింది. తర్వాత వెళ్లి చేతులు కడుక్కుంది.

శుక్రవారం బండి దింపాక కూడా ఢిల్లీబాబు తిరిగి రాలేదు. సామాను ఎత్తేదాకా ఉంటానన్నాడు. మూతపడిన బడిలో ఒక తరగతి గది, నల్లబల్లకు అడ్డంగా పరదా. అతని కుర్చీలు గోడకు చేరవేసి ఉన్నాయి, గుడ్డల మూటలు మూలన పడి ఉన్నాయి. బీరువాను మాత్రం తలుపు పక్కన పెట్టారు.

“అది ఆ మూలకు ఉండాల,” అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. ఆ కాలేజీ ఉత్సవాలకు రెండేళ్లు కుర్చీలు తోలింది అతనే. ఆ గది తెలుసు.

డైరెక్టరు రాజశ్రీ హైదరాబాదు నుంచి వచ్చిన మనిషి. ముప్పై ఏళ్లుంటాయి. రెండు రోజుల్లో ఎపిసోడు పూర్తి కావాలి కాబట్టి నిలబడే తింటోంది. ఆమె చేతిలో ఒక ఫైలు, దాన్నిండా పేపరు ముక్కలు.

“ఇవన్నీ కాలేజీ కేసులేనా అమ్మా?” అన్నాడు ఢిల్లీబాబు.

“కాలేజీవే ఎక్కువ చూస్తారండీ. తల్లులు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చూస్తారు.” ఆమె ఇడ్లీ ముక్క తుంచుకుంది. “దీంట్లో మూడు కేసులు కలిపాం. గది మీ ఊరిది. కూల్‌డ్రింకులో మందు కలపడం ఇంకో ఊరిది. ఇన్‌స్పెక్టరు వాణ్ణి పట్టుకునేది మాది.”

“మా ఊరి కేసు ముగిసిందా మరి?”

“లేదనుకుంటా. కోర్టులో ఉంటే పేర్లు మారిస్తే చాలు.”

మొదటి సీను తీశారు. ఎర్ర చుడీదారు వేసుకున్న నటి గదిలోకి నవ్వుతూ వచ్చింది. వాడు కూల్‌డ్రింకు సీసా ఇచ్చాడు. ఆమె వాడి కళ్లలోకి చూస్తూ తాగింది. తూలి గుడ్డల మూటల మీద పడింది. రాజశ్రీ బాగుందంది.

ఢిల్లీబాబు పక్కన లైటు పట్టుకున్న మనిషి ఇంకొకడితో అన్నాడు. “పిలిస్తే గదిలోకి పాయె, తాగమంటే తాగె. ఇంకేముండాది, సగం దోవ తనే నడిచింది.”

“నవ్వుకుంటా నడిచింది,” అన్నాడు రెండోవాడు.

ఆదివారం మధ్యాహ్నం ఇదే మాట ఎన్ని ఇళ్లల్లో అంటారో ఢిల్లీబాబు కళ్ల ముందు కనబడింది. అందులో తన చుట్టాల ఇళ్లు ఉంటాయి. కేసు ఎవరిదో ఎప్పటికైనా బయటపడుతుంది. ఆ రోజున వాళ్లకు గుర్తుండేది ఈ ఎర్ర చుడీదారు, ఈ సీసా. నాసిరకం సరుకు మీద తన బిడ్డ ముద్ర వేసి ఊరంతా పంచుతున్నట్టు అనిపించింది. కాళ్లు తమంతట తామే ముందుకు కదిలాయి.

“ఆ యమ్మ తాగలేదు,” అన్నాడు.

రాజశ్రీ తలెత్తింది. “ఏ అమ్మండీ?”

“ఈ పాప. కథలో పాప. తాగేదానికి పోలేదు. సామాను లెక్క సూడాల రా అని పిలిస్తే పోయింటాది. లోపలికి పోయినాక గదా తలుపెయ్యడం.”

“అయితే ఎలా పడిపోతుంది?”

“పడిపోదు. ఎందుకు పడిపోతాది?” బీరువా దగ్గరికి నడిచాడు. ఇద్దరు మనుషుల సాయం అడగకుండా తనే దాన్ని ఒక్కో పక్కా జరుపుతూ మూలకు చేర్చాడు. “తప్పిచ్చుకోవాలని బీరువా తలుపు తెరిసి అడ్డం పెట్టుకుంటాది. ఇట్ల. సెయ్యి ఈడ ఉంటాది. వాడు తలుపు మూస్తాడు. సెయ్యి లోపల ఉండాదని తెలిసే మూస్తాడు. రెండుసార్లు.”

“రెండుసార్లా?”

“ఒకసారికి ఇరగదు.”

అతని చెయ్యి బీరువా సందులో ఉంది. పాత తలుపు, కింది బందు వంగినది. సగం దాకా మెల్లగా వచ్చి చివర్లో దానంతటదే విసురుగా కొట్టుకుంటుంది. అది చూపించడానికి తలుపును వదిలాడు. గదిలో ఉన్నవాళ్లు అదిరిపడ్డారు. ఢిల్లీబాబు చెయ్యి తీసుకుని వెనక్కి దాచుకున్నాడు.

రాజశ్రీ అతని వైపు కాసేపు చూసింది. “ఎక్కడో చూసినట్టే చెప్తున్నారే.”

“బిడ్డలు గల్లోణ్ణి.”

ఆమె కాగితం మీద గబగబా రాసుకుంది. నటిని పిలిచి చెప్పింది. ఆ పిల్ల మంచి నటి. మొదటిసారికే చేసింది. అరవలేదు, నోరు తెరిచి శబ్దం రానట్టు చేసింది. లైటు మనిషి నోరు మూసుకుని చూశాడు. అది చాలు అనుకున్నాడు ఢిల్లీబాబు. ఇప్పుడు ఈ పిల్లను ఎవడూ ఏమీ అనలేడు.

తర్వాతి సీనుకు నటి చేతికి తెల్లటి సున్నపు కట్టు వేసి తెచ్చారు. “ఈ తట్టు బిడ్డయితే పుత్తూరు కట్టు ఉంటాదమ్మా,” అన్నాడు. ఎటూ చెప్పడం మొదలుపెట్టాడు కదా. వెదురు బద్దలు చీరి తెప్పించి, కోడిగుడ్డు సొనలో తడిపిన గుడ్డ చుట్టి, బద్దలు వరసగా పేర్చి తనే కట్టాడు. వేళ్లు కదిలేంత వదులు, మణికట్టు కదలనంత బిగువు. నటి చెయ్యి తిప్పి చూసుకుని, “నిజంగా విరిగినట్టే ఉందండీ” అంది.

సాయంకాలం సామాను బండికెక్కాక మునిప్రసాద్ బాడుగ సంగతి ఎత్తాడు.

“వద్దులే.”

“ఏందన్నా, నువ్వేనా మాట్లాడేది? నీకు జొరమేమన్నా వచ్చిందా?”

“దీనికి వద్దు. మంచి పని జేస్తా ఉండారు. అంతే.”

మునిప్రసాద్ ఆశ్చర్యం తీరక రాజశ్రీ దగ్గరికి పోయి చెప్పాడు. ఆమె దూరం నుంచే చేతులు జోడించింది. బండి తోలుకుంటూ వస్తుంటే ఢిల్లీబాబుకు ఏడాది తర్వాత మొదటిసారి ఆకలేసింది. ప్రసన్నకుమారికి ఇచ్చిన మాట గుర్తుకు రాకపోలేదు. కానీ తను చెప్పింది కథలో పిల్ల గురించి. పేర్లు మార్చేశారు, ఊరు మార్చేశారు. పోల్చుకునేవాడెవడు అనుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆ సమయానికి ఇంట్లో టీవీ పెట్టకుండా చూసుకోవాలని అతని ఆలోచన. ఏదో వంకన అందరినీ అంగడికి రమ్మందామనుకున్నాడు. కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికే లోహిత కంచం ఒళ్లో పెట్టుకుని టీవీ ముందు కూర్చుని ఉంది. పక్కన తల్లి లోకేశ్వరి చింతాకు పప్పు వడ్డిస్తోంది. తెర మీద పోలీసు కారు కూత, దాని వెనక డప్పు మోత, ‘యథార్థ సంఘటనల ఆధారంగా’ అన్న అక్షరాలు.

“వేరేది పెట్టరాదా,” అన్నాడు.

“ఉండనీ నాయనా. ఎట్ల తీస్తారో సూస్తా.”

చూశారు. ముగ్గురూ చూశారు. తాగడం తీసేసినట్టున్నారు, పిల్ల నవ్వుతూ రాలేదు. ఢిల్లీబాబుకు ఒక్క క్షణం గర్వంలాంటిది కలిగింది. తర్వాత బీరువా వచ్చింది. తలుపు ఒకసారి పడింది. రెండోసారి పడింది. లోహిత అన్నం కలుపుతూనే ఉంది. ముద్ద పట్టలేదు, ఆపలేదు, కంచంలో వేళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

“పాపిష్టి నాయాలు,” అంది లోకేశ్వరి. మరుక్షణం తెర మీద వెదురు బద్దల కట్టు కనబడింది. ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. తెర మీద నుంచి బిడ్డ చేతి వైపు చూసింది. “పాపా. నీక్కూడా ఇట్లనేనా జరిగింది?”

“లేదు మా. నేను పడినాను. చెప్పినా గదా.”

నలభై నిమిషాల్లో ఇన్‌స్పెక్టరు వాణ్ణి పట్టుకున్నాడు. చెంప పగలగొట్టాడు. జడ్జి శిక్ష చదివాడు. లోకేశ్వరి కొంగుతో కళ్లు ఒత్తుకుని, “ఆ బిడ్డకన్నా న్యాయం జరిగింది” అంటూ పేర్లు మొదలవుతుండగానే టీవీ కట్టేసింది.

లోహిత కంచం తీసుకుని లేచింది. తండ్రి ముందు ఆగింది.

“ఆ బీరువా మనదే గదా నాయనా. కింది బందు వంగిపోయిండేది.”

“బాడుగకు ఎత్తుకోని పోయినారు.”

“బాడుగకా?”

“ఊ.”

పెరట్లో కంచం కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

సోమవారం అతను ప్రసన్నకుమారి ఆఫీసుకు పోయాడు. ఆమె నిలబడే కాగితాలు సర్దుకుంటోంది. “మేడం, నిన్న టీవీలో ఒక సీరియలు...” అని మొదలుపెట్టాడు. “రేపటిదాకా టీవీలు కట్టేయండి ఢిల్లీబాబుగారూ, పిల్లను ప్రశాంతంగా ఉంచండి,” అని ఆమె ఇంకో కోర్టుకు నడిచింది. వెంటపడి చెప్పొచ్చు. చెప్పలేదు. చెప్పమని అడగలేదు కాబట్టి చెప్పనక్కర్లేదు అనుకుని, ఆ తేలికను జేబులో వేసుకుని ఇంటికి వచ్చాడు.

మంగళవారం కోర్టు వరండాలో మనుషులు కిక్కిరిసి ఉన్నారు. ఇలాంటి కేసులు తలుపులు మూసి వింటారు. తండ్రికైనా లోపల చోటు లేదు. లోహిత ఆడ కానిస్టేబుల్ వెంట లోపలికి వెళ్లింది. లోపలికి పోయేముందు వెనక్కి తిరిగి చూసింది.

ఎదురు గోడకు ఆనుకుని ఆ సీనియర్ తండ్రి నిలబడి ఉన్నాడు, గుడి క్యూలో నిలబడ్డంత ఓపికగా. కొడుకు లోపల ఉన్నాడు. వాడు పరీక్షలు రాసుకోవడానికి కాలేజీ ఒప్పుకుంది, రాశాడు, పాసయ్యాడు. లోహితకు హాజరు చాల్లేదని పేరు కొట్టేశారు.

మొదటి గంట బాగానే గడిచింది. ప్రసన్నకుమారి అడుగుతున్న గొంతు సన్నగా వినబడింది. ఆ తర్వాత చిన్న వయసు లాయరు ఒకడు బయటికొచ్చి లాప్‌టాప్ సంచీ ఒకటి పట్టుకుని మళ్లీ లోపలికి పోయాడు. అది చూసి వాడి తండ్రి చేతులు కట్టుకున్నాడు.

కాసేపటికి మూసిన తలుపు వెనక నుంచి పోలీసు కారు కూత వినబడింది. దాని వెనక డప్పు మోత.

వరండాలో ఎవరూ తల తిప్పలేదు. ఎవరి ఫోనో మోగిందనుకుని ఉంటారు. ఢిల్లీబాబు మాత్రం పక్కనున్న స్తంభాన్ని పట్టుకున్నాడు. డప్పు ఆగింది. మాటలు. మళ్లీ డప్పు. తర్వాత తను చేత్తో జరిపి మూలకు చేర్చిన ఇనుము కొట్టుకున్న చప్పుడు, రెండుసార్లు. ఇంకొంచెం వెనక్కి తిప్పి మళ్లీ వేశారు. మళ్లీ రెండుసార్లు.

తలుపు తెరుచుకునేసరికి మధ్యాహ్నం దాటింది. లోహిత నేరుగా మంచినీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లింది. ప్రసన్నకుమారి నల్లకోటు విప్పి చేతి మీద వేసుకుని అతని ముందు నిలబడింది. కోపంగా లేదు. కోపం ఉంటే బాగుండుననిపించింది అతనికి.

“బాగా చెప్పింది,” అందామె. “నేను అడిగినంతసేపూ చాలా బాగా చెప్పింది. బీరువా సంగతి చెప్పినప్పుడు జడ్జిగారు రాయడం ఆపి విన్నారు. ఆ తర్వాత అవతలాయన లేచాడు. మేజిస్ట్రేటుకు చెప్పలేదు, పుత్తూరులో మెట్లన్నావు, ఈ బీరువా మొట్టమొదట కనబడింది ఎక్కడ అన్నాడు. ఆదివారం టీవీలో అని వేసి చూపించాడు.”

“మేడం...”

“ఆగండి. నువ్వుగానీ మీ ఇంట్లోవాళ్లుగానీ వీళ్లకు ఏమైనా చెప్పారా అని అడిగాడు. లేదంది. అప్పుడు చివర్లో పేర్లు చూపించాడు. కృతజ్ఞతలు, లోహిత సప్లయర్స్, తిరుపతి.” ఆమె గొంతు తగ్గించింది. “ఏడాదిగా ఏ కాగితం మీదా పిల్ల పేరు రాకుండా కాపాడాం ఢిల్లీబాబుగారూ. దాన్ని తెర మీద పెట్టి, ఈ అంగడి ఎవరిదన్నాడు.”

“వేస్తారని నాకు తెల్దు. బాడుగ వద్దన్నానని... అందుకే ఏసి ఉంటారు.”

“మా నాయనది అంది. మరి చెప్పిందెవరు అన్నాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుంది. తర్వాత, నేనే అంది.”

“నేను మేడం. సెప్పింది నేను. ఇప్పుడే లోపలికొచ్చి సెప్తా. బోనెక్కుతా.”

“ఏమని? ఆ పిల్ల ‘నేనే’ అన్న మాట టైపయింది, చదివి వినిపించారు, సంతకం పెట్టింది. మీరొచ్చి కాదంటే కోర్టులో ఆ పిల్ల అబద్ధమాడిందని తండ్రే సాక్ష్యం చెప్పినట్టు.”

“సెప్పకుంటే?”

“టీవీవాళ్లతో కలిసి కథ అల్లుకుని వచ్చి అప్పజెప్పింది అంటారు. అనేశారు కూడా.” ఆమె కోటు ఈ చేతి మీద నుంచి ఆ చేతికి మార్చుకుంది. “వాదన మిగిలే ఉంది. నేను చేస్తాను. కానీ మీరు ఆశ పెట్టుకుని ఇంటికి పోవద్దు.”

బేరంలో ఎటు మొగ్గినా నష్టమే అయినప్పుడు కాస్త తక్కువ నష్టం ఎటో వెతకడం ఢిల్లీబాబుకు అలవాటు. వరండా మెట్లు దిగుతూ వెతికాడు. ఏదీ దొరకలేదు.

కోర్టు గేటు బయట ఆటోల కోసం నిలబడ్డారు. ఎండ మండుతోంది. లోహిత చున్నీ తల మీదికి లాక్కుంది.

“ఎందుకట్ల సెప్పినావు పాపా?”

“నీకు గాక ఇంకెవురికి సెప్పినాను నాయనా? సూసిన్నాడే తెల్సింది.” మాట మామూలుగానే ఉంది. “నీ పేరు సెప్తే నిన్ను బోనులో నిలబెడతారు. ఆ మాట నీ నోట ఇంకోసారి ఇనలేను.”

ఆటో ఒకటి నెమ్మదించి, నిండి ఉండడంతో వెళ్లిపోయింది.

“ఆ సీరియల్లో పిల్ల బాగా చేసింది,” అంది లోహిత రోడ్డు వైపు చూస్తూ. “నేను చెప్తా ఉన్నంతసేపు జడ్జి మేడం నన్నే సూస్తా ఉండింది. అది ఏసినాక దాన్నే సూసింది. తర్వాత మళ్లా నా తట్టు తిరగలేదు. ఆమెనేమంటాం. నాకే ఆ పిల్లది నిజం మాదిరి ఉండింది.”

ఫోను మోగింది. లోకేశ్వరి. ఢిల్లీబాబు చేతిలో పట్టుకుని పేరు చూస్తూ ఉండిపోయాడు. లోహిత అతని చేతిలోంచి ఫోను తీసుకుంది.

“అయిపోయింది మా. ఊ, అంతా చెప్పినాను. ఏడవలేదు.” అవతల తల్లి ఆదివారం సీరియల్ సంగతి ఎత్తి చాలాసేపు మాట్లాడింది. లోహిత వింటూ ఆటో కోసం కుడి చెయ్యి ఎత్తింది. మణికట్టు తిరగక ఆ చెయ్యి ఎవరినో ఆగమన్నట్టు నిలిచింది. “ఏం తెల్దు మా, టీవీవాళ్లకి ఎవురు చెప్పినారో. మనోళ్లెవురూ కాదు. నాయనా? నాయన బయటనే ఉండాడు. నాయనకేమీ తెల్దు.”